ఎండీ, డీఎన్‌బీ, డిప్లొమా: సీటు లాక్ చేసే ముందు ఏం చూడాలి? స్పెషలిస్టు ముద్ర అసలెక్కడ పడుతుంది?

చివరి నెల హౌస్‌సర్జన్ (మొదటి పోస్టు)

సీనియర్లందరికీ నమస్కారం. పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో ర్యాంకు మధ్యస్థంగా వచ్చింది. ప్రభుత్వ కాలేజీలో ఎండీ (యూనివర్సిటీ ఇచ్చే పీజీ డిగ్రీ) జనరల్ మెడిసిన్ దొరికేలా లేదు. చేతిలో మూడు దారులున్నాయి. ఒకటి, హైదరాబాద్‌లో పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ అర్హత) మెడిసిన్. రెండు, కొత్తగా పీజీ సీట్లు వచ్చిన ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఎండీ. మూడు, జిల్లా ఆసుపత్రిలో రెండేళ్ల డిప్లొమా. ఎవరినడిగినా "ఎండీ ఎండీయే" అంటారు, లేకపోతే "ఇప్పుడన్నీ సమానమే" అంటారు. ఈ రెండు మాటల మధ్య అసలు సంగతేమిటో కావాలి. కాగితం మీద ఎవరు గుర్తిస్తారు, మూడేళ్లలో ఏం జరుగుతుంది, పరీక్షలో ఎక్కడ తేడా కొడుతుంది అన్నది చెప్పండి.

కన్వీనర్ కోటా

ముందు చట్టం సంగతి చూద్దాం, దానికి రెండు నిమిషాలు చాలు. 1956 చట్టం కింద నడిచిన ఎంసీఐ (మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) పోయింది. 2019 చట్టంతో ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) వచ్చి 2020 సెప్టెంబరు 25 నుంచి పనిచేస్తోంది. దాని కింద నాలుగు బోర్డులున్నాయి. పీజీ చదువు ఎలా ఉండాలో పీజీ బోర్డు రాస్తుంది. కాలేజీకి సీటు ఇవ్వాలా వద్దా అన్నది అసెస్‌మెంట్ అండ్ రేటింగ్ బోర్డు చూస్తుంది. పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ: ఆంధ్రలో ఎన్టీఆర్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ యూనివర్సిటీ, డీమ్డ్ (యూనివర్సిటీ హోదా ఉన్న సంస్థ) అయితే వాళ్లకు వాళ్లే.

డీఎన్‌బీది వేరే గొలుసు. నేషనల్ బోర్డు 1975లో మొదలై 1982లో స్వతంత్ర సంస్థ అయింది. ఆసుపత్రికి అక్రెడిటేషన్ (శిక్షణ ఇచ్చేందుకు గుర్తింపు) ఇచ్చేదీ అదే, దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టేదీ అదే, సర్టిఫికెట్ ఇచ్చేదీ అదే. మధ్యలో యూనివర్సిటీ ఉండదు.

రెండింటికీ ప్రవేశం నీట్ పీజీ ద్వారానే. 200 ప్రశ్నలు, 800 మార్కులు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఎయిమ్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీ చిత్ర మాత్రం ఐఎన్‌ఐ సెట్ అనే వేరే ప్రవేశ పరీక్షతో తీసుకుంటాయి. అది ఏడాదికి రెండుసార్లు ఉంటుంది.

పాత స్టెత్

తమ్ముడూ, "ఎండీ ఎండీయే", "అన్నీ సమానమే" రెండూ సగం సగం మాటలే. రిజిస్ట్రేషన్ దగ్గర అన్నీ సమానమే. శిక్షణ దగ్గర ఏ రెండు సీట్లూ సమానం కావు. ఆ తేడా కూడా ఎండీకీ డీఎన్‌బీకీ మధ్య కంటే ఒక యూనిట్‌కీ ఇంకో యూనిట్‌కీ మధ్యే ఎక్కువ. నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ డిపార్ట్‌మెంట్‌లో రోజూ ఎవరు పడుకుని ఉన్నారు, వాళ్లను నీతో పాటు ఎవరు చూస్తారు?

కొత్త పీజీ సీట్లున్న ప్రైవేటు కాలేజీ అన్నావు. పీజీ మొదలుపెట్టడానికి ఆసుపత్రిలో కనీసం 220 పడకలుండాలని 2023 ప్రమాణాలు చెబుతున్నాయి. పడకలు ఉండటం వేరు, వాటిలో రోగులుండటం వేరు. ఉదయం పది గంటలకు ముందు చెప్పకుండా వెళ్లి మెడిసిన్ వార్డులో నిలబడు. కేసు షీట్లు తిప్పి చూడు. నిన్నటి ప్రోగ్రెస్ నోట్ పీజీ రాశాడా, డ్యూటీ డాక్టరు రాశాడా? అన్ని షీట్లలోనూ ఒకే రకం జ్వరం, ఒకే రోజు అడ్మిషన్ కనబడితే ఇక అక్కడ చూడాల్సిందేమీ లేదు, బస్సెక్కి వచ్చెయ్.

రెండో యూనిట్

పాత స్టెత్ సార్ చెప్పింది సర్జరీకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వార్డు కంటే ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టు చూడండి. ఓటీ బయట గోడ మీద అంటించిన గత నెల లిస్టులు అడిగితే చూపిస్తారు. అందులో సర్జన్, అసిస్టెంట్ అని రెండు గడులుంటాయి. మూడో సంవత్సరం పీజీ పేరు ఒక్కసారి కూడా సర్జన్ గడిలో లేకపోతే మూడేళ్లు రిట్రాక్టరు (కోతను తెరిచి ఉంచే పనిముట్టు) పట్టుకోవడమే.

అక్రెడిటేషన్ గది

డీఎన్‌బీ వైపు నుంచి రాస్తున్నా. ఆసుపత్రి ఎంత పెద్దదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అక్రెడిటేషన్ బ్రాంచిని బట్టి, సీట్ల సంఖ్యను బట్టి, గడువుతో వస్తుంది. కార్డియాలజీలో పేరున్న ఆసుపత్రికి మెడిసిన్ అక్రెడిటేషన్ ఉన్నా, అక్కడ మెడిసిన్ రోగులంటే ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ కోసం వచ్చేవాళ్లే కావచ్చు. జాయిన్ అయ్యే ముందు చూడాల్సినవి:

బోర్డు వెబ్‌సైట్లో అక్రెడిటెడ్ ఆసుపత్రుల జాబితా ఉంటుంది. బ్రాంచి, సీట్లు, గడువు అక్కడ చూడండి. ఆసుపత్రి వాళ్ల బ్రోషర్ నమ్మొద్దు.

ఫుల్‌టైమ్ కన్సల్టెంట్లు ఎవరో చూడండి. సీనియర్ కన్సల్టెంట్ అంటే పీజీ అయ్యాక కనీసం 8 ఏళ్ల అనుభవం, జూనియర్ అంటే 5 ఏళ్లు. పేపరు మీద ఫుల్‌టైమ్ అని ఉండి సాయంత్రం ఓపీకి మాత్రమే వచ్చే కన్సల్టెంట్ వల్ల మీకు లాభం లేదు. మీ గైడ్ అయ్యే మనిషి పొద్దున రౌండ్సులో ఉంటారా అని రెండో సంవత్సరం వాళ్లను అడగండి.

జనరల్ పడకలు ఎన్ని? ప్రైవేటు గదిలో రోగి "పెద్ద డాక్టరుగారు చూస్తేనే" అంటాడు, పీజీని పొట్ట మీద చెయ్యి వేయనివ్వడు. పీజీ స్వయంగా హిస్టరీ తీసుకుని, పరీక్ష చేసి, చికిత్స రాయగలిగేది టీచింగ్ పడకల మీదే. కార్పొరేట్ డీఎన్‌బీలో అసలు లోటు ఇదే. యంత్రాలకు కొదవ ఉండదు, చెయ్యి పెట్టడానికి పొట్టలుండవు.

ఫీజు సంగతి. బ్రాడ్ స్పెషాలిటీకి బోర్డు నిర్ణయించిన ఏడాది ఫీజు 1,25,000 రూపాయలు. ట్యూషన్, లైబ్రరీ, వసతి, వార్షిక అప్రైజల్ అన్నీ అందులోనే. అంతకు మించి "డిపాజిట్", "డెవలప్‌మెంట్" పేరుతో ఏదడిగినా రసీదు అడగండి. రసీదు అనగానే సగం మంది వెనక్కి తగ్గుతారు.

చివరి నెల హౌస్‌సర్జన్

అక్రెడిటేషన్ గది గారూ, నేను కోర్సులో ఉండగా ఆసుపత్రి అక్రెడిటేషన్ గడువు ముగిస్తే?

అక్రెడిటేషన్ గది

గడువు లోపల చేరినవాళ్ల శిక్షణ సాగుతుంది. మళ్లీ రాకపోతే కొత్తవాళ్లను తీసుకోరు. అంతే. లోపాల వల్ల మధ్యలో రద్దు చేస్తే అప్పటికే ఉన్నవాళ్లను బోర్డు ఇంకో ఆసుపత్రికి మారుస్తుంది. కాగితం మీద నష్టం లేదు. కానీ థీసిస్ సగంలో ఉంటే గైడ్ మారతాడు, ఎథిక్స్ కమిటీ (పరిశోధనకు అనుమతి ఇచ్చేది) మారుతుంది, రోగులు మారతారు. అందుకే గడువు వచ్చే ఏడాదే ముగుస్తుంటే, రెన్యువల్ దరఖాస్తు పెట్టారా అని ముందే అడగాలి.

నైట్ డ్యూటీ నరేష్

డీఎన్‌బీ వాళ్లు ఫ్యాకల్టీ కాలేరు కదా? దాని గురించి ఎవరూ చెప్పరేం?

కన్వీనర్ కోటా

అది పాత మాట. 2018 గెజిట్‌తో డీఎన్‌బీని అన్ని విధాలా ఎండీ, ఎంఎస్‌లతో (ఎంఎస్ అంటే సర్జరీ వైపు పీజీ డిగ్రీ) సమానం చేశారు. ఒక మెలిక ఉంది. 500 పడకలకు తక్కువ ఉన్న ఆసుపత్రిలో డీఎన్‌బీ చేసినవాళ్లు టీచింగ్‌లోకి రావాలంటే మెడికల్ కాలేజీలో ఇంకో ఏడాది సీనియర్ రెసిడెన్సీ (పీజీ అయ్యాక చేసే రెసిడెంట్ డాక్టరు పని) చేయాలని రాశారు. ఫ్యాకల్టీ అర్హతలు 2022లో ఒకసారి, 2025లో ఇంకోసారి మారాయి. మీరు దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న గెజిట్ తీసి చదవండి, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ కాదు. జాయినింగ్ రోజునే ఆసుపత్రి మొత్తం పడకల సంఖ్య లెటర్‌హెడ్ మీద రాయించుకుని దాచుకోండి. ఐదేళ్ల తర్వాత ఆ ఆసుపత్రి పేరు మారితే, చేతులు మారితే ఆ కాగితం పుట్టదు.

సాంపిల్ సైజు

థీసిస్ గురించి ఎవరూ రాయకపోతే నేనే మొదలుపెడతా. ఎండీలో పరీక్షకు కనీసం ఆరు నెలల ముందు థీసిస్ ఇవ్వాలి, దాన్ని పరీక్షకులు ఆమోదిస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. డీఎన్‌బీలో ప్రోటోకాల్‌కు (థీసిస్ ప్రణాళికకు) చేరిన 90 రోజులే గడువు. యూనివర్సిటీల్లో సినాప్సిస్‌కు (అదే ప్రణాళికకు) మామూలుగా ఆరు నెలల దాకా ఇస్తారు కాబట్టి జనం నిద్రపోతారు.

థీసిస్ తిరిగి రావడానికి నూటికి ఎనభై పాళ్లు కారణం సాంపిల్ సైజు (ఎంతమంది రోగులు కావాలన్న లెక్క) దగ్గరే ఉంటుంది. (ఈ ఎనభై లెక్క కాదు, నానుడి.) ఉదాహరణ చూడండి. ఒక జబ్బులో ఒక లక్షణం 20 శాతం మందిలో ఉంటుందని పాత అధ్యయనాలు చెబుతున్నాయి. మీరు 5 శాతం అటూ ఇటూ తేడాతో కొలవాలనుకున్నారు. సూత్రం 4పీక్యూ బై డీ స్క్వేర్: పీ అంటే ఆ లక్షణం ఉన్న శాతం, క్యూ అంటే లేని శాతం, డీ అంటే ఆ తేడా. 4 × 20 × 80 = 6,400. దాన్ని 25తో భాగిస్తే 256. ఇప్పుడు మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ జబ్బుతో నెలకు 10 మంది వస్తారు. డేటా తీయడానికి 18 నెలలు. మొత్తం 180. మిగతా 76 మంది ఎక్కడి నుంచి వస్తారు? సమాధానం అందరికీ తెలుసు. కంప్యూటర్లోంచి వస్తారు.

అలా చేయక్కర్లేదు. తేడాను 6 శాతానికి పెంచండి. 6,400 బై 36, అంటే 178. మీ 180కి సరిపోతుంది. మొదట డిపార్ట్‌మెంట్ రిజిస్టరు తీసి ఏడాదికి ఎన్ని కేసులో లెక్కపెట్టి, ఆ తర్వాతే అంశం ఎంచుకోండి. అంశం గైడ్ ఇస్తాడు, రిజిస్టరు మీరు చూడాలి.

పాత స్టెత్

సాంపిల్ సైజు మేడమ్, గైడ్‌ల మీద ఆ చురక తగలాల్సిన చోటే తగిలింది. ఒకటి కలుపుతా. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీకి ముందు ఒక్క రోగి వివరం కూడా మాస్టర్ చార్టులో (రోగులందరి వివరాల పట్టికలో) ఉండకూడదు. చాలామంది పైలట్ అంటూ ముందే పది మందిని తీసి, తర్వాత కలిపేస్తారు. మాస్టర్ చార్టులో ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్లు వరుస క్రమంలో ఉంటాయి కాబట్టి ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) వాటిని చూసే తేదీలు పట్టేస్తాడు.

సాంపిల్ సైజు

అవును సార్. మందు ఇచ్చి పోల్చే అధ్యయనమైతే సీటీఆర్‌ఐలో (క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీలో) నమోదు కూడా మొదటి రోగి కంటే ముందే జరగాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి వెనక తేదీతో నమోదు లేదు. ఇంకా బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ అని ఆన్‌లైన్ కోర్సు, ఎథిక్స్ కోర్సు, బేసిక్, అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్టు శిక్షణ ఉన్నాయి. వీటిని మొదటి ఏడాదిలోనే ముగించండి. హాల్ టికెట్ వారంలో వీటి సర్టిఫికెట్ల కోసం పరుగెత్తేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఒక పోస్టరో, పేపర్ ప్రెజెంటేషనో, జర్నల్ ఆమోదమో ఒకటి చూపాలన్నది కూడా నిబంధనే. డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే జర్నల్‌కు ఇవ్వొద్దు. సొంత స్పెషాలిటీ రాష్ట్ర సదస్సులో పోస్టరు పెట్టడం చవక, పైగా గౌరవం.

నైట్ డ్యూటీ నరేష్

నీట్ పీజీ కటాఫ్ సున్నా పర్సంటైల్ చేసినప్పుడే ఈ దేశంలో స్పెషలిస్టు విలువ పోయింది. సున్నా మార్కులొచ్చినా ఎండీ!

కన్వీనర్ కోటా

నరేష్ గారూ, పర్సంటైల్‌నీ (మీ కింద ఉన్నవాళ్ల శాతాన్ని) మార్కునీ కలపకండి. సున్నా పర్సంటైల్ అంటే పరీక్ష రాసినవాళ్లంతా కౌన్సెలింగ్‌కు అర్హులని అర్థం. మామూలుగా జనరల్‌కు 50, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40. 2023లో దాన్ని సున్నాకు దించింది మిగిలిపోయిన సీట్ల కోసం. మిగిలేవి ఏవి? అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ లాంటి నాన్ క్లినికల్ సీట్లు, భరించలేని ఫీజున్న మేనేజ్‌మెంట్ సీట్లు. రేడియాలజీ లాంటి సీటు కటాఫ్ వల్ల మిగలడం అరుదు.

నైట్ డ్యూటీ నరేష్

సరే, ఒప్పుకుంటా. కానీ ఆ ఫీజు కట్టగలిగినవాడికి తక్కువ ర్యాంకుకే క్లినికల్ సీటు దొరుకుతోంది కదా.

కన్వీనర్ కోటా

అది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రవేశం దగ్గర జల్లెడ వదులైనప్పుడు చివరి పరీక్ష దగ్గర బిగించాలి. మన దగ్గర బిగించేదీ తక్కువే.

ఫైల్ నంబర్

పరీక్షల విభాగం నుంచి రాస్తున్నా (ఏ యూనివర్సిటీ అన్నది వదిలేయండి). బిగింపు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రెండు పరీక్షల్లో తేడా లెక్కతో చెబుతా.

ఎండీలో నాలుగు థియరీ పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు, మూడు గంటలు. మొత్తం మీద 50 శాతం రావాలి, ఏ పేపర్లోనూ 40 శాతం తగ్గకూడదు. ఒకరికి 62, 55, 38, 60 వచ్చాయనుకోండి. మొత్తం 215, సగం కంటే ఎక్కువే. అయినా ఫెయిల్, ఆ 38 వల్ల. అవే మార్కులు డీఎన్‌బీలో వస్తే పాస్, ఎందుకంటే అక్కడ 400కి 200 చూస్తారు.

ప్రాక్టికల్ దగ్గర తిరగబడుతుంది. ఎండీలో నలుగురు పరీక్షకుల్లో ఇద్దరు ఇంటర్నల్, ఇద్దరు ఎక్స్‌టర్నల్. మామూలుగా మీ ఆసుపత్రిలోనే, మీ రోగుల మీదే జరుగుతుంది. డీఎన్‌బీలో కేంద్రం బోర్డు ఇస్తుంది, ఎవరి ఆసుపత్రో తెలియదు, మీ గైడ్ అక్కడుండడు. 300కి 150 రావాలి. థియరీ పాసయ్యాక ప్రాక్టికల్‌కు మూడు అవకాశాలు, హాజరు కాకపోయినా ఒకటి ఖర్చయినట్టే. మూడూ పోతే థియరీ మళ్లీ. ఎండీలో చాలా యూనివర్సిటీల్లో ప్రాక్టికల్ పోతే థియరీ కూడా మళ్లీ రాయాలి, ఆ మూడు అవకాశాల సదుపాయం లేదు.

పాత స్టెత్

ఫైల్ నంబర్ గారు చెప్పిన దాంట్లో "మీ రోగుల మీదే" అన్నది గమనించండి. పరీక్షకు రెండ్రోజుల ముందు ఏ కేసులు పెడతారో పీజీలకు తెలిసిపోవడం మన వ్యవస్థలో బహిరంగ రహస్యం. మైట్రల్ స్టెనోసిస్ (గుండె కవాటం ఇరుకైన జబ్బు) పేషెంటు మూడేళ్లుగా ప్రతి పరీక్షకూ వస్తూ ఉంటాడు, మర్మర్ (ఆ జబ్బులో గుండె దగ్గర వినిపించే శబ్దం) ఎక్కడ వినాలో విద్యార్థికి ఆయనే చూపిస్తాడు. డీఎన్‌బీలో ఈ సౌకర్యం లేదు. అందుకే డీఎన్‌బీ పాసైనవాణ్ని నేను తక్కువ చేయను. అయితే డీఎన్‌బీ విద్యార్థి లాంగ్ కేసులో (ఒక రోగిని పూర్తిగా పరీక్షించి చెప్పే భాగంలో) ఎందుకు తడబడతాడో కూడా చెప్పాలి. మూడేళ్లలో రోజూ కేసు ప్రెజెంట్ చేసి తిట్లు తిని ఉండడు. కార్పొరేట్ రౌండ్సులో కన్సల్టెంటుకు టైముండదు, "సీటీ స్కాన్ ఏమంది?" అని అడిగి పక్క గదికి వెళ్తాడు. పరీక్షకుడు మాత్రం సీటీ చూపించడు. స్ప్లీన్ (ప్లీహం) ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చేత్తో చూసి చెప్పమంటాడు.

దీనికి మందు ఉంది. డీఎన్‌బీలో చేరితే వారానికి రెండు కేసులు తోటి పీజీల ముందు నిలబడి పూర్తిగా ప్రెజెంట్ చేయండి, గడియారం పెట్టుకుని. రెండో ఏడాది నుంచి దగ్గర్లోని ప్రభుత్వ కాలేజీ క్లినికల్ మీటింగ్‌కు వెళ్లండి, చాలా చోట్ల రానిస్తారు.

రెండో యూనిట్

లాగ్‌బుక్ మాట ఎవరూ ఎత్తలేదు. సర్జరీలో అదే ప్రాణం. ఒక వరుస ఇలా ఉంటుంది: తేదీ, ఐపీ నంబరు, రోగి వయసు, ఆపరేషన్ పేరు, మీ పాత్ర, గైడ్ సంతకం. పాత్ర గడిలో నాలుగే రాతలు: ఓ అంటే చూశాను, ఏ అంటే సాయం చేశాను, పీఏ అంటే పక్కన సీనియర్ ఉండగా నేను చేశాను, పీఐ అంటే నేనే చేశాను. అపెండిసెక్టమీ ఎదురుగా మొదటి ఏడాదిలో ఓ, ఏ, ఏ, ఏ అని ఉండి, రెండో ఏడాది మధ్యలో పీఏ మొదలై, మూడో ఏడాదికి పీఐ కనబడాలి. ఈ మెట్లు లాగ్‌బుక్‌లో కనబడితే అది నిజమైన శిక్షణ.

ఒకే రాత్రి కూర్చుని రాసిన లాగ్‌బుక్ ఎలా దొరుకుతుందంటే: మూడేళ్లూ ఒకే సిరా, అన్ని సంతకాలూ ఒకే వాలు, మొదటి నెలలోనే పీఐ. ఎక్స్‌టర్నల్ ఒక ఐపీ నంబరు మీద వేలు పెట్టి "ఇందులో బేస్ ఎలా ఉంది, స్టంప్ ఎలా కట్టావు?" అంటాడు. చేసినవాడు చెప్పేస్తాడు. రాసినవాడు పాఠ్యపుస్తకం మొదలుపెడతాడు.

ఆపరేషనైన రోజు సాయంత్రమే రాయండి, వారానికోసారి సంతకం తీసుకోండి. గైడ్ బదిలీ అయితే పాత సంతకాలు మళ్లీ దొరకవు.

సిక్ లీవు

జిల్లా రెసిడెన్సీ గురించి? మూడు నెలలు పోతాయని మా సీనియర్లు ఏడుస్తున్నారు.

పాత స్టెత్

పోవు. ఎండీ, ఎంఎస్ వాళ్లు మూడో, నాలుగో, ఐదో సెమిస్టర్లో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. స్టైపెండ్ వస్తూనే ఉంటుంది. మెడిసిన్, పీడియాట్రిక్స్, గైనిక్, అనస్థీషియా వాళ్లకు ఇది బంగారం, టీచింగ్ ఆసుపత్రిలో సీనియర్లు లాక్కునే పనులన్నీ అక్కడ మీ చేతికొస్తాయి. ఇబ్బంది వచ్చేది పాథాలజీ, మైక్రోబయాలజీ వాళ్లకు. వెళ్లిన చోట సీబీపీ (రక్తకణాల పరీక్ష) మెషీన్ తప్ప ఏమీ లేకపోతే మూడు నెలలు స్లైడు చూడకుండా గడుస్తాయి. థీసిస్ డేటా మధ్యలో ఉన్నవాళ్లు ఐదో సెమిస్టర్ అడగొద్దు, మూడోదో నాలుగోదో అడగండి. ఐదోలో వెళ్లొస్తే థీసిస్ గడువు నెత్తి మీదుంటుంది.

హాజరు కూడా చెబుతా. ఏడాదికి 80 శాతం తప్పనిసరి. 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు, వారానికో సెలవు అని రాసి ఉంది. వారం సెలవు ఎన్ని డిపార్ట్‌మెంట్లలో ఇస్తున్నారో మాత్రం అడక్కండి.

విశాఖ టు లీడ్స్

బ్రిటన్ నుంచి ఒక మాట, చాలామంది ఇంట్లోవాళ్లు పొరబడేది. ఎంఆర్‌సీపీ (ఇక్కడి ఫిజీషియన్ల పరీక్ష) పాసైతే స్పెషలిస్టు అయిపోయినట్టు కాదు. అది పరీక్ష మాత్రమే. బ్రిటన్‌లో స్పెషలిస్టు అనాలంటే శిక్షణ ముగించి అక్కడి మెడికల్ కౌన్సిల్ జీఎంసీ ఇచ్చే సీసీటీ (శిక్షణ పూర్తయిన సర్టిఫికెట్) ఉండాలి, లేదా దానికి సమానమైన దారిలో స్పెషలిస్టు రిజిస్టరులో పేరెక్కాలి. బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పీజీ అర్హతలను ఇండియా గుర్తిస్తుంది. కానీ ఆ దేశంలో ఆ బ్రాంచిలో ప్రాక్టీసుకు అంగీకరించిన అర్హత అయితేనే. ఎంఆర్‌సీపీ ఒక్కటే పట్టుకుని విమానం దిగితే బోర్డు మీద "కన్సల్టెంట్ ఫిజీషియన్" అని రాయడం తొందరపాటే.

చివరి నెల హౌస్‌సర్జన్

అందరికీ ధన్యవాదాలు. డిప్లొమా గురించి మాత్రం ఎవరూ తేల్చలేదు.

అక్రెడిటేషన్ గది

నేషనల్ బోర్డు 2020లో ఎనిమిది బ్రాంచిల్లో రెండేళ్ల డిప్లొమాలు పెట్టింది: అనస్థీషియా, గైనిక్, పీడియాట్రిక్స్, ఫ్యామిలీ మెడిసిన్, కళ్లు, రేడియో డయాగ్నసిస్, ఈఎన్‌టీ, ఛాతీ జబ్బులు. జిల్లా ఆసుపత్రుల్లో ఈ కోర్సులు బాగానే నడుస్తాయి, పని దండిగా ఉంటుంది. జిల్లాలో ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లకు, పిల్లల డాక్టరో మత్తు డాక్టరో అవ్వాలనుకునేవాళ్లకు మంచి దారి. మీరు మెడిసిన్ అంటున్నారు. ఆ ఎనిమిదింట్లో మెడిసిన్ లేదు. పైగా డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) కలలుంటే డిప్లొమా నుంచి నేరుగా దారి లేదు, ముందు ఎండీయో డీఎన్‌బీయో చేయాలి. డిప్లొమా అయ్యాక అదే బ్రాంచిలో డీఎన్‌బీకి మూడేళ్లు కాదు, రెండేళ్లే.

రెండో యూనిట్

డీఎం అన్నారు కాబట్టి: ప్రతి సూపర్ స్పెషాలిటీకీ ఫీడర్ జాబితా (ఏ పీజీ చేసినవాళ్లు అర్హులో చెప్పేది) ఉంటుంది, బ్రాంచి ఎంచుకునే ముందే చూసుకోండి. కార్డియాలజీకి మెడిసిన్, పీడియాట్రిక్స్, రెస్పిరేటరీ మెడిసిన్. న్యూరాలజీకి మెడిసిన్, పీడియాట్రిక్స్. ఎమర్జెన్సీ మెడిసిన్ చేసి కార్డియాలజీ అంటే కుదరదు, క్రిటికల్ కేర్‌కైతే కుదురుతుంది. ఇవి తెలియక నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) ఫారం నింపేటప్పుడు గుండె పట్టుకునేవాళ్లున్నారు. డీఎన్‌బీ తర్వాత చేసేదాన్ని ఇప్పుడు డాక్టరేట్ ఆఫ్ నేషనల్ బోర్డ్ అంటున్నారు, డీఎంతో సమానం. నేషనల్ బోర్డుదే అయిన ఎఫ్‌ఎన్‌బీ మాత్రం ఫెలోషిప్, డిగ్రీ కాదు.

కన్వీనర్ కోటా

కౌన్సెలింగ్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఆలిండియా కోటాకు డిపాజిట్ జనరల్‌కు 25,000, రిజర్వేషన్ వాళ్లకు 10,000. డీమ్డ్‌కు 2,00,000. మొదటి రౌండులో సీటు వచ్చి వద్దనుకుంటే నష్టం లేదు. రెండో రౌండు నుంచి డిపాజిట్ పోతుంది. స్ట్రే రౌండులో (మిగిలిన సీట్లకు పెట్టే ఆఖరి రౌండులో) సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు తర్వాతి నీట్ పీజీకి కూడా కూర్చోనివ్వరు. "చూద్దాం, వస్తే వస్తుంది" అని స్ట్రేలో ఆప్షన్లు నింపకండి.

ఇంకోటి. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు పీజీ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదంది. ఆ కేసు చండీగఢ్ కాలేజీది. మన దగ్గర లోకల్ ఏరియాలు (స్థానికులకు సీట్లు కేటాయించే ప్రాంతాలు) రాజ్యాంగం 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి పుట్టాయి. రెండింటినీ ఒకటే అనుకుని, లోకల్ కోటా పోయిందని ఆప్షన్లు మార్చుకోకండి. ఆ ఏడాది యూనివర్సిటీ నోటిఫికేషన్ ఏం చెబితే అదే. బాండు కూడా అంతే, ఎన్నేళ్ల సర్వీసు, ఎంత జరిమానా అన్నది నోటిఫికేషన్‌లో చూడండి, పోయినేడు సీనియర్ కట్టిన మొత్తం కాదు.

మోడరేటర్

ఫలానా కాలేజీ ఇన్‌స్పెక్షన్‌లో అద్దె రోగులు, అద్దె ప్రొఫెసర్లు అంటూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. సంస్థ పేరు లేకుండా ఏం గమనించాలో రాయండి.

పాత స్టెత్

పేరు లేకుండానే రాస్తా. ఆధార్ హాజరు వచ్చాక అద్దె ప్రొఫెసర్ల (తనిఖీ కోసం పేరు మాత్రమే ఉండేవాళ్ల) ఆట తగ్గింది కానీ పోలేదు. 2025లో తనిఖీల లంచాల మీద సీబీఐ కేసు పెట్టాల్సి వచ్చిందంటే ఎక్కడున్నామో అర్థం చేసుకోండి. గుర్తుపట్టడం తేలికే: డిపార్ట్‌మెంట్ బోర్డు మీదున్న ప్రొఫెసర్ల పేర్లు రాసుకుని, వార్డులో స్టాఫ్ నర్సును "ఫలానా సారు రౌండ్స్ ఎన్నింటికి?" అని అడుగు. ఆమె ఆలోచిస్తే అర్థం చేసుకో.

చివరి నెల హౌస్‌సర్జన్

ఆఖరి సందేహం. డీఎన్‌బీ మెడిసిన్ వైపే మొగ్గుతున్నా, టీచింగ్ పడకలున్న ఆసుపత్రి ఒకటి దొరికింది. పాసైన మర్నాడే "ఎండీ సమానం" అని బోర్డు పెట్టుకోవచ్చా?

ఫైల్ నంబర్

ఆ ముద్ర పడేది పరీక్ష దగ్గర కాదు, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ దగ్గర. ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్‌కు పీజీని అదనపు అర్హతగా చేర్పించుకోవాలి. ఆ బ్రాంచిలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోవడం 2002 నైతిక నియమావళి ప్రకారం తప్పు. బోర్డు మీద డిగ్రీ ఉన్నది ఉన్నట్టు రాయండి: డీఎన్‌బీ, జనరల్ మెడిసిన్, కింద రిజిస్ట్రేషన్ నంబరు. ఎంబీబీఎస్ ఆంధ్రలో రిజిస్టరై, ప్రాక్టీసు హైదరాబాద్‌లో అయితే పాత కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ (డాక్టర్లు కొనసాగించాల్సిన చదువు) క్రెడిట్లు కూడా చూపాలి, సదస్సుల సర్టిఫికెట్లు పారేయకండి.

ఎక్కువ ఫైళ్లు ఆగేది మాత్రం పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఎంబీబీఎస్ డిగ్రీలో ఒక్క ఇనిషియల్, ఆధార్‌లో ఇంటిపేరు చివర. మూడూ మూడు మనుషుల్లా కనబడతాయి.

చివరి నెల హౌస్‌సర్జన్

నాది సరిగ్గా అదే! టెన్త్‌లో ఇంటిపేరు మొదట పూర్తిగా ఉంది, డిగ్రీలో ఇనిషియల్. ఎప్పుడు సరిచేయించుకోవాలి?

ఫైల్ నంబర్

ఇప్పుడే, పీజీలో చేరకముందే. నేషనల్ బోర్డు రిజిస్ట్రేషన్‌లో ఏ పేరు ఎక్కితే థీసిస్ మొదటి పేజీ మీద, హాల్ టికెట్ మీద, చివరి సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. ముందు ఎంబీబీఎస్ యూనివర్సిటీలో టెన్త్ మెమో ప్రకారం మార్పుకు దరఖాస్తు పెట్టండి, ఆ తర్వాత కౌన్సిల్లో, ఆఖరున ఆధార్. వరుస తప్పితే మళ్లీ మొదటికొస్తారు.